అడ్డాకు ఎవరిది? అడవి హక్కుల చట్టం, కొండ మీది బతుకు

(శ్రీకాకుళంలో జరిగిన ఒక సభలో, కొండ ప్రాంతపు బడుల్లో పనిచేసి రిటైరైన ఉపాధ్యాయుడు ఒకరు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల్లో ఉన్న పిల్లలు కొంచెం ముందుకి రండమ్మా. మైకు ఉంది గానీ, ముఖాలు కనబడితే నాకు మాట్లాడటం తేలిక.

ముందు మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. ఈ హాల్లో అడ్డాకు విస్తట్లో అన్నం తిననివాళ్లు ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి. ఒక్కరూ లేరు. పెళ్లికి తిన్నాం, అన్నసంతర్పణలో తిన్నాం. తిని విస్తరి మడిచి పారేశాం. ఆ ఆకు ఎక్కడి నుంచి వచ్చిందో అడిగామా?

అడ్డ చెట్టు కాదు, తీగ. పెద్ద చెట్ల మీదికి పాకిపోతుంది. ఆకు రెండు రెక్కలుగా చీలినట్టు ఉంటుంది. సీతంపేట కొండల్లో సవర తెగ ఆడవాళ్లు తెల్లవారకుండానే చోడి (రాగి) అంబలి తాగి బయల్దేరతారు. గెడ్డ, అంటే కొండవాగు దాటి, రెండు కొండలు ఎక్కి, తీగ ఉన్న చోటికి వెళ్లి ఆకు కోస్తారు. ఆకు మీద ఆకు పేర్చి మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని పొద్దువాలే వేళకి దిగుతారు. మర్నాడు ఆరబెట్టాలి. ఎండ ఎక్కువైతే ఆకు పెళుసుగా విరిగిపోతుంది. తడి ఉండిపోతే బూజు పడుతుంది. ఆరిన ఆకుల మీద రాయి బరువు పెడతారు. తర్వాత వెదురుని సన్నటి ఈనెలుగా చీల్చి కుడతారు. నేనొకసారి పక్కన కూర్చుని లెక్కపెట్టాను. ఒక విస్తరికి అయిదాకులు, పద్నాలుగు పుల్లలు. ఒక్క విస్తరికి! అలాంటివి వంద కుడితే ఒక కట్ట. ఆ కట్టలు సంతకి తెస్తే, ధర చెప్పేది ఆమె కాదు, కొనేవాడు.

ఇప్పుడు నా ప్రశ్న. ఆ ఆకు ఎవరిది?

ఇది పొడుపుకథ కాదు. దీనికి చట్టంలో జవాబు ఉంది. ఆ జవాబు వచ్చి ఇన్నేళ్లయినా అది కొండెక్కలేదు. నేను ఇవాళ మాట్లాడేది అదే. అడవి హక్కులంటే పోడు పట్టా ఒక్కటే అని మనందరం అనుకుంటున్నాం. పట్టా ముఖ్యమే. దాని గురించి చాలా చెప్తాను. కానీ కొండ మీది బతుకులో సగం పొలంలో ఉంటే, సగం పొలం బయట అడవిలో ఉంది. ఆ రెండో సగం మీద హక్కు ఇస్తానని చట్టం చెప్పింది. మనం అడగలేదు. అడగమని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

కొంచెం వెనక్కి వెళ్దాం. ఎక్కువ చెప్పను.

మన జిల్లాలో, విజయనగరం జిల్లాలో అడవులు చాలావరకు జమీందారీల కింద ఉండేవి. మందస, పర్లాకిమిడి, కురుపాం, మేరంగి, సాలూరు, బొబ్బిలి. కొండ ఎవరిది అంటే రాజుగారిది. ఇక్కడ గున్నమ్మ పేరు విననివాళ్లు ఉండరు. గుడారి రాజమణిపురం. 1940 ఏప్రిల్ 1. మందస జమీందారుతో రైతుల తగాదా దేని మీద? అడవి మీద. అడవిలో కట్టె కొట్టుకునే హక్కు మీద. పోలీసులు రైతుల్ని పట్టుకుపోతుంటే దారికి అడ్డం నిలబడింది, కడుపుతో ఉన్న మనిషి. కాల్చేశారు. వీరగున్నమ్మ అని మనం దండ వేస్తాం. దండ వేసినప్పుడు ఆమె ఏ హక్కు కోసం చనిపోయిందో కూడా పిల్లలకి చెప్పాలి కదా?

1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. జమీందారు పోయాడు. అడవి ఎవరికి వచ్చింది? కొండ మీద ఉన్నవాళ్లకి రాలేదు. ఫారెస్టు డిపార్ట్‌మెంటుకి వచ్చింది. ఆ తర్వాత 1967లో రాష్ట్ర అటవీ చట్టం, 1980లో కేంద్రం తెచ్చిన అటవీ సంరక్షణ చట్టం. రిజర్వు ఫారెస్టు అని నోటిఫికేషను ఇచ్చేటప్పుడు, అభ్యంతరాలుంటే చెప్పుకోండి అని గెజెట్లో వేస్తారు. గెజెట్టు చదివే సవర ఇల్లు ఆ రోజుల్లో ఒక్కటి చూపించండి నాకు. తాత నాటిన చింతచెట్టు కింద కూర్చున్న మనిషి ఒక పొద్దున్న లేచేసరికి ఆక్రమణదారుడు అయిపోయాడు. ఇల్లు కదల్లేదు, చెట్టు కదల్లేదు. మ్యాపు మీద గీత కదిలింది.

1967 నుంచి 70 దాకా శ్రీకాకుళం కొండల్లో గిరిజనుల సాయుధ పోరాటంలో ఏం జరిగిందో పెద్దవాళ్లకి తెలుసు. భూమి, అప్పు, వెట్టి, అడవి, అన్నీ కలిసి మండాయి. ఆ నేపథ్యంలోనే 1/70 అని పిలిచే భూ బదిలీ నిబంధన వచ్చింది. షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరులు భూమి కొనకూడదు అన్నది దాని సారం. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, ప్రభుత్వం కూడా అక్కడి భూమిని ప్రైవేటు గనులకి లీజుకివ్వకూడదంది. ఇవన్నీ రక్షణలు. కానీ రిజర్వు ఫారెస్టు గీత లోపల దున్నుకునే మనిషికి, అక్కడ ఆకు కోసే మనిషికి, నీకు ఈ హక్కు ఉంది అని ఈ చట్టాలేవీ చెప్పలేదు. అది చెప్పింది 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం.

పేరు పెద్దది. షెడ్యూల్డ్ తెగలు, ఇతర సంప్రదాయ అటవీవాసుల అటవీ హక్కుల గుర్తింపు చట్టం. మన ఊళ్లలో ఆర్‌వోఎఫ్‌ఆర్ అంటారు. ఆ పేరులో ఒక మాట ఉంది, గమనించండి. "గుర్తింపు". హక్కుల పంపిణీ అనలేదు, హక్కుల మంజూరు అనలేదు. హక్కు ముందే ఉంది, మేం ఇన్నాళ్లూ చూడలేదు, ఇప్పుడు గుర్తిస్తున్నాం అంది. చట్టం మొదటి పేజీలోనే చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకున్నారు. పార్లమెంటు తప్పు ఒప్పుకున్న సందర్భాలు ఎన్ని ఉంటాయి చెప్పండి?

అందుకని, పట్టాల మేళాలో పట్టా అందుకుంటూ కాళ్లకి దండం పెడుతున్న ముసలమ్మని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. అమ్మా, అది నీదేనే.

కొలత దగ్గర ఏం జరిగింది

2008లో ఫారాలు వచ్చాయి. నేను అప్పటికి కొండ మీద బడిలో పనిచేస్తున్నాను. చుట్టుపక్కల చదవను రాయను వచ్చినవాళ్లం ముగ్గురం. రాత్రి బడి వరండాలో కూర్చుని రాశాం. ఫారం-ఏ వ్యక్తి హక్కుకి. 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి సాగులో ఉండాలి. గరిష్ఠం నాలుగు హెక్టార్లు, అంటే పదెకరాలు. చాలామంది మనిషికి పదెకరాలు ఇస్తారట అనుకున్నారు. అలా కాదు. ఎంత సాగులో ఉంటే అంత, పదెకరాలు మించకుండా.

మా బడికి దగ్గరలోని గూడలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయనకి ఎకరం అంటే తెలీదు. ఇది మూడు కుంచాల చోళ్ల కొండ అంటాడు. అంటే మూడు కుంచాలు విత్తనం పడుతుంది. ఆ కొండని ఆయన మూడు ముక్కలుగా చూసుకునేవాడు. ఒక ముక్క ఈ రెండేళ్లు దున్నుతాడు. చోళ్లు, సామలు, కొర్రలు, మధ్యలో కంది. తర్వాత దాన్ని వదిలేసి పక్క ముక్కకి వెళ్తాడు. వదిలిన ముక్కలో తుప్పలు లేస్తాయి, ఆకు రాలుతుంది, మట్టి మళ్లీ బలం పుంజుకుంటుంది. నాలుగైదేళ్లకి తిరిగి మొదటిదానికి వస్తాడు. మీరు దీన్ని అడవి నరకడం అంటారు. ఆయన దృష్టిలో భూమికి నిద్ర పెట్టడం.

సర్వేకి వచ్చారు. చేతిలో జీపీఎస్ పరికరం. ఎండ. కొండ నిట్టనిలువు. పాపం వాళ్లకీ టెన్షనే, రోజుకి ఇన్ని దరఖాస్తులు కొలవాలని పైనుంచి ఒత్తిడి. పెద్దాయన ముందు నడుస్తూ, రాళ్లకుప్ప చూపిస్తూ, ఇది నా తాత పెట్టింది, ఆ వేపు పనసచెట్టు దాకా అంటున్నాడు. కొలిచేవాళ్లు చోళ్లు మొలిచి ఉన్న ముక్క చుట్టూ తిరిగారు. తుప్పలున్న ముక్కల్లోకి వెళ్లలేదు. ఇక్కడ సాగు ఏదీ, ఇది అడవే కదా అన్నారు. నేను అక్కడే ఉన్నాను. నాకూ అప్పుడు చట్టం సరిగా తెలీదు. మాట్లాడలేకపోయాను. ఆ సంగతి ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

పట్టా వచ్చింది. ఎకరా ఇరవై సెంట్లు. ఆయన దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని నా దగ్గరికి తెచ్చాడు. చదివి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ఇదేటి మాస్టరు బాబూ, నా కొండంతా ఇంతేటి?"

ఇంకో సంగతి చెప్తాను, నేను ఎన్నో పట్టాల్లో చూశాను. హద్దులు రాసేచోట ఉత్తరం రిజర్వు ఫారెస్టు, దక్షిణం రిజర్వు ఫారెస్టు, తూర్పు, పడమర కూడా రిజర్వు ఫారెస్టు అని ఉంటుంది. పక్కన తమ్ముడి పొలం ఉంది, అవతల గెడ్డ ఉంది, దేవత రాయి ఉంది. ఏదీ రాయలేదు. అలా రాస్తే పదేళ్ల తర్వాత అన్నదమ్ముల పిల్లలు హద్దు ఎక్కడని తేల్చుకుంటారు? కొండ దిగని తగాదాలు ఇప్పుడు పోలీసు స్టేషను దాకా దిగుతున్నాయి.

మరి దీనివల్ల బతుకు ఎలా మారింది? ఆయన తిరిగి సాగు చేసుకునే పద్ధతి ఆగిపోయింది. పట్టా ఉన్న ముక్క వదిలితే పోతుందని భయం, పట్టా లేని ముక్కలో అడుగుపెడితే కేసు. అదే ఎకరా ఇరవై సెంట్లు ఏటా దున్నాడు. మూడో ఏడాదికి చోడి కంకి నా బొటనవేలంత కూడా రాలేదు. ఆఖరికి జీడిమామిడి వేశాడు. జీడి తప్పని నేను అనను. పిక్కలు పలాస వెళ్తాయి, చేతికి డబ్బు వస్తుంది. కానీ పిక్కలు అమ్మిన డబ్బుతో బియ్యం కొనాలి. అంతకుముందు ఆ ఇంట్లో సామలన్నం, కందిపప్పు, చోడి అంబలి అన్నీ కొండే పెట్టేది. పిక్కల ధర పడిపోయిన ఏడాది కొండా పెట్టదు, సంతా పెట్టదు.

ఇదంతా విని చట్టం మంచిది కాదేమో అనుకోవద్దు. చట్టం మంచిదే. కొలత తప్పు. చట్టం కింద వచ్చిన రూల్సు చూడండి. రూలు 13 అంటారు, సాక్ష్యాల గురించి. ఓటరు కార్డు, పాత రసీదులే కాదు, ఊరి పెద్దలు చెప్పింది రాసుకుంటే అదీ సాక్ష్యమే. భూమి చదును చేసిన గుర్తులు, గట్లు, శ్మశానం, దేవత ఉన్న చోటు, అన్నీ సాక్ష్యాలే. వీటిలో రెండు ఉంటే చాలు. శాటిలైటు ఫొటో సాక్ష్యానికి తోడుగా వాడొచ్చు గానీ, దాన్నే ఆధారం చేసుకుని మిగతావి తోసెయ్యకూడదని 2012లో సవరించిన రూల్సులో స్పష్టంగా ఉంది. తిరస్కరిస్తే కారణం రాతలో, మనిషి చేతికి ఇవ్వాలి. అరవై రోజుల్లో పైకి అప్పీలు చేసుకోవచ్చు. మా వైపు తిరస్కరించిన సంగతే చాలామందికి తెలీదు. అడిగితే ఒక ఆఫీసులో రిజిస్టరు తిరగేసి, మీది ఎప్పుడో పోయింది అన్నారు. ఎందుకు పోయింది అంటే జవాబు లేదు.

ఈ తిరస్కరణలు ఎంత దూరం వెళ్లాయంటే, 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తులు తిరస్కరించిన కుటుంబాలను ఖాళీ చేయించమంది. దేశమంతా లక్షల కుటుంబాలు. అదే నెల 28న ఆ ఉత్తర్వుని తనే ఆపింది. మధ్యలో ఆ పదిహేను రోజులు కొండల్లో నిద్ర లేదు. మా గూడలోంచి ఫోను వచ్చింది నాకు, "బాబూ, మూటలు కట్టుకోమంటారా?" అని. ఏం చెప్పాలి? చట్టంలో నాలుగో సెక్షనే ఉంది, హక్కుల పరిశీలన పూర్తయ్యేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదని. అది చదివి వినిపించాను ఫోన్లోనే.

పట్టాతో మేలు జరిగింది కూడా. అదీ చెప్పాలి. గార్డు వచ్చి నాగలి పట్టుకుపోయే రోజులు పట్టా ఉన్నచోట తగ్గాయి. ఉపాధి హామీలో గట్లు వేసుకున్నారు, చదును చేసుకున్నారు. ఈ పట్టా తప్ప వేరే భూమి లేని గిరిజన కుటుంబానికి వంద రోజుల మీద ఇంకో యాభై రోజుల పని అని ఉండేది, ఎంతమందికి తెలుసు? రైతు భరోసా డబ్బు ఆర్‌వోఎఫ్‌ఆర్ రైతులకీ పడింది. అన్నిటికన్నా నాకు నచ్చింది, పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలన్న మాట. అమ్మడానికి వీల్లేదు, పిల్లలకి వారసత్వంగా పోతుంది. సారాకో అప్పుకో భూమి కరిగిపోకుండా ఆపేది అదే. మీ ఇళ్లలో పట్టా ఉంటే ఇవాళ ఇంటికెళ్లి చూడండి, అమ్మ పేరు ఉందో లేదో.

పట్టా లేకపోతే ఏమవుతుందో తిత్లీ తుపాను చూపించింది. 2018 అక్టోబరు 11. ఉద్దానంలో కొబ్బరి కూలింది, అందరూ చూశారు. మందస, మెళియాపుట్టి కొండల మీద జీడిచెట్లు కూడా వేళ్లతో లేచిపోయాయి. నేను రెండు ఊళ్లకి వెళ్లాను. కూలిన చెట్టు ఒక్కలాంటిదే, ఏడ్చిన మనిషి ఒక్కలాంటివాడే. కాగితం ఉన్నవాడి పేరు నష్టపరిహారం జాబితాలో రాశారు. కాగితం లేనివాడికి, నీ చెట్టు అని రుజువేది అన్నారు. ఇరవై ఏళ్ల మొదలు నేల మీద పడి ఉంది, అంతకన్నా రుజువు ఏం కావాలి?

మెళియాపుట్టి, మందస పేరు ఎత్తాను కాబట్టి ఒక మాట. ఇక్కడ ఆ ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఉన్నారు. మీ గూడలు చాలావరకు షెడ్యూల్డ్ ఏరియాలో లేవు. విజయనగరం వైపు శృంగవరపుకోట కొండల మీది ఊళ్లదీ ఇదే బాధ. అక్కడ 1/70 వర్తించదు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సీతంపేట పార్వతీపురం మన్యంలోకి పోయింది, దాంతో గిరిజనాభివృద్ధి సంస్థ, ఐటీడీఏ ఆఫీసూ పోయింది. కానీ అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్డ్ ఏరియా అన్న షరతు లేదు. అటవీ భూమి అయితే చాలు, మీరు అక్కడ బతుకుతుంటే చాలు. 1/70 లేదు కాబట్టి మనకేమీ లేదు అని ఎవరైనా చెప్తే నమ్మకండి. మీకు మిగిలిన పెద్ద ఆసరా ఈ చట్టమే.

అడగని హక్కు

ఇప్పుడు అడ్డాకు దగ్గరికి వస్తాను. ఆమె కోసే ఆకు.

చట్టంలో మూడో సెక్షను. చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్య హక్కు, సేకరించే హక్కు, వాడుకునే హక్కు, అమ్ముకునే హక్కు. యాజమాన్య హక్కు అని రాశారు, వినండి. అంతకుముందు ఏరుకోనిచ్చేవారు. అది సర్కారు దయ. ఇప్పుడు ఆ ఆకు ఆమెది, పొలంలో పండిన వంకాయ ఎలా ఆమెదో అలా. ఏమేం వస్తాయి ఇందులో? తేనె, మైనం, దుంపలు, మందు మొక్కలు, చింతపండు, ఉసిరి, కరక్కాయ, కొండచీపురు, అడ్డాకు. వెదురు కూడా! వెదురు చిన్నతరహా ఫలసాయమే అని చట్టం పేరు పెట్టి రాసింది. బుట్టలు, చేటలు అల్లేవాళ్లకి ఇది ఎంత పెద్ద మాటో ఆలోచించండి.

ఇంకో హక్కు ఉంది. దానికి ఫారం-సీ. ఊరు తరతరాలుగా కాపాడుకుంటూ వాడుకుంటున్న అడవి మొత్తాన్ని, ఈ గెడ్డ నుంచి ఆ శిఖరం దాకా, ఊరి ఉమ్మడి అటవీ వనరుగా గుర్తించమని గ్రామసభ అడగొచ్చు. గుర్తిస్తే ఆ అడవిని కాపాడే, పెంచే, నిర్వహించే అధికారం గ్రామసభకి వస్తుంది. నా పెద్దాయన నిద్ర పెట్టిన ముక్కలకి కూడా, వ్యక్తి పట్టా రాకపోయినా, ఈ దారిలో రక్షణ దొరికేది.

మరి మేం 2008లో ఎన్ని ఫారం-ఏలు రాశాం? రోజుకి పది, పదిహేను. ఊరికోసం అడిగే ఫారం ఎన్ని రాశాం? మా మూడు ఊళ్లలో ఒక్కటీ రాయలేదు. మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. పట్టా పిచ్చిలో పడిపోయాం. కొన్నిచోట్ల ఉమ్మడి హక్కు పత్రాలు వన సంరక్షణ సమితి పేరు మీద ఇచ్చారు. ఆ సమితి ఫారెస్టు వాళ్లు పెట్టింది. చట్టం చెప్పిన గ్రామసభ వేరు. పేరు ఊరిది, పెత్తనం పాతవాళ్లదే.

గ్రామసభ అనే మాట దగ్గర కూడా మోసపోయాం. మొదట్లో చాలాచోట్ల పంచాయతీ ఆఫీసులో సభ పెట్టారు. పంచాయతీకి పదో పన్నెండో గూడలు. పై గూడ మనిషి రెండు గంటలు దిగి రావాలి. వచ్చేసరికి తీర్మానం అయిపోయి ఉంటుంది. సంతకాల పుస్తకం మాత్రం మిగిలి ఉంటుంది, వేలిముద్ర వెయ్యడానికి. చట్టం ఉద్దేశం ఏమిటంటే గూడ దగ్గరే, ఆ చింతచెట్టు కిందే సభ జరగాలి. సగం మంది ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు తగ్గకుండా ఆడవాళ్లు ఉండాలి. ఎందుకో తెలుసా? అడవి గురించి తెలిసింది వాళ్లకి. ఏ వంపులో అడ్డతీగ ఉంది, ఏ గుట్ట మీద చీపురు గడ్డి బాగా వచ్చింది, ఏ గెడ్డ ఏ నెలలో ఎండుతుంది, మగవాళ్లని అడిగితే సగమే చెప్తారు.

గ్రామసభకి ఇంత బలం ఉందా అని అనుమానం వస్తే, పార్వతీపురంలో రైలెక్కండి. తర్వాతి పెద్ద స్టేషను ఒడిశాలోని రాయగడ. అక్కడికి అవతల నియమగిరి కొండలు. బాక్సైటు తవ్వాలా వద్దా అన్న కేసులో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఊళ్లనే అడగమంది. పన్నెండు గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. అవి పెద్ద ఊళ్లు కావు, చదువుకున్న ఊళ్లూ కావు. మన ఇంటి పక్క కొండలు. ఇవాళ సాలూరు వైపు కురుకుట్టి, కర్రివలస కొండల్లో పంప్డ్ స్టోరేజీ, అంటే నీటిని పైకి తోడి కిందికి వదిలి కరెంటు తీసే ప్రాజెక్టుల మాట వినబడుతోంది. ప్రాజెక్టు మంచిదా చెడ్డదా అన్నది నేను ఇక్కడ తేల్చను. కానీ ఆ గూడల్లో ఉమ్మడి హక్కు ముందే గుర్తించి ఉంటే, వాళ్లు ఇవాళ మాట్లాడే మాట బరువే వేరుగా ఉండేది.

ఇంకొకటి. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మెండా-లేఖా అని గోండుల ఊరు. 2009లోనే ఊరి అడవి మీద ఉమ్మడి హక్కు సంపాదించారు. హక్కు వచ్చింది గానీ వెదురు బయటికి తీసుకెళ్లడానికి పాసులు ఇవ్వలేదు. పోరాడారు. 2011 ఏప్రిల్లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఊరికి వచ్చి, రవాణా పాసు పుస్తకం గ్రామసభ చేతిలో పెట్టారు. పాసు ఎవరు రాస్తారు? ఊరే రాస్తుంది. వెదురు ఎంత కొట్టాలి, ఏ కూపులో, అంటే ఏ అడవి ముక్కలో వదలాలి, ఎవరికి అమ్మాలి, అంతా ఊరే. ఆ తర్వాత 2012 రూల్సులో దేశమంతటికీ ఆ పద్ధతి వచ్చింది. ఫలసాయం తీసుకెళ్లడానికి పర్మిట్ ఇచ్చేది గ్రామసభ కమిటీయే. నెత్తి మోపు, సైకిలు అనే పరిమితి కూడా తీసేశారు, వ్యాను పెట్టుకోవచ్చు.

మన దగ్గర గిరిజన సహకార సంస్థ ఉంది. 1956 నుంచి ఉంది, విశాఖలో హెడ్డాఫీసు. చింతపండు, తేనె కొంటుంది. అది ఉండాలి, ఇంకా బాగా పనిచెయ్యాలి, మద్దతు ధర సమయానికి ప్రకటించాలి. కానీ ఆకు కోసిన ఆమెకి అమ్మే హక్కు సొంతంగా ఉంటే, సంస్థ దగ్గరకైనా, సంత సావుకారి దగ్గరకైనా, పట్నం కేటరింగు వాళ్ల దగ్గరకైనా ఆమె బేరం ఆడగలదు. మోపు ఎక్కడ ఆపుతారో అన్న భయం ఉన్నంతకాలం ఎంతిస్తే అంతే. ఆమె భయాన్ని కొనేవాడు తూకంలో వేసుకుంటాడు. శ్రీకాకుళంలో ఒక పెళ్లికి ఎన్ని విస్తర్లు కావాలో మీకు తెలుసు. పది గూడల ఆడవాళ్లు ఒక్క వ్యానుకి పర్మిటు రాసుకుని నేరుగా ఇక్కడికి తెస్తే ఏమవుతుంది? చట్టం అడ్డురాదు. చట్టం అలా చెయ్యమనే అంటోంది.

ఇక పని సంగతి. డిగ్రీ చదువుతున్నవాళ్లు ఇంతమంది ఉన్నారు కాబట్టి చెప్తున్నాను. దరఖాస్తులకి గడువు అయిపోయింది అని చెప్తారు. మూడు నెలల గడువు ఉన్నమాట నిజమే, దాన్ని పొడిగించే అధికారం గ్రామసభది. కారణం రాసి తీర్మానం చెయ్యాలి. ఫారెస్టు మ్యాపు, రెవెన్యూ మ్యాపు, ఓటర్ల జాబితా, ఇవి అడిగితే సబ్ డివిజన్ స్థాయి కమిటీ ఇవ్వాలి. ఇవ్వడం వాళ్ల బాధ్యతని రూల్సులో ఉంది. తక్కువ కొలిచిన పట్టాల మీద కూడా ఊరుకోకండి, కొలతల తేడా రాసి అర్జీ పెట్టండి. తీసుకున్నట్టు రసీదు లేకుండా ఆఫీసు గుమ్మం దిగకండి.

కొండ మీదికి వెళ్తే ముందుగా ఫారం తీయకండి. ఫారం చూస్తే మనుషులు బిగుసుకుపోతారు. ముందు పెద్దవాళ్లతో కలిసి హద్దు చుట్టూ నడవండి. ఆడవాళ్లని వేరేగా తీసుకెళ్లి వాళ్ల దారిలో నడవండి. గెడ్డ పేరు, గుట్ట పేరు సవరలో ఏమంటారో, జాతాపు తెగవాళ్లు ఏమంటారో అదే పేరు తెలుగు లిపిలో రాయండి. ఆ పేర్లు మీ మ్యాపులో ఉండవు, కానీ సాక్ష్యం అవే.

మా పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన కొడుకు ఉన్నాడు, కోడలు ఉంది. పోయిన కందికొత్తల పండక్కి వెళ్తే, ఆమె నన్ను కొండ మీదికి తీసుకెళ్లి ఆ రాళ్లకుప్ప చూపించింది. ఇంకా ఉంది. నేను ఒక నోటుపుస్తకం పట్టుకుని అక్కడే కూర్చున్నాను. ఆ ఊళ్లో ఎనభై దాటిన ముసలమ్మ ఒకామె ఉంది, ఆ కుప్ప పెట్టిన మనిషిని చిన్నప్పుడు చూసింది. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాశాను. రాసింది మళ్లీ చదివి వినిపించాను. ఒకచోట ఆపింది. "పనసచెట్టు కాదు బాబూ, అప్పుడక్కడ ఇప్పచెట్టు ఉండేది, పనస ఎనక పెట్టినారు" అంది. కొట్టేసి దిద్దాను. అప్పుడు వేలిముద్ర వేసింది.